నాయన మెడలో నాయన గులాబీలే

శుక్రవారం, రాత్రి

పార్కులో ముప్పై ఏళ్లు తోటమాలిగా చేసిన నాయనకు ఈరోజు రిటైర్మెంటు సన్మానం. ఆయన ఎవరినీ కాలు పెట్టనివ్వని లాన్ మీదే షామియానా గుంజలు పాతారు. ఆయన పెంచిన గులాబీలే తెంపి, దండ గుచ్చి ఆయన మెడలో వేశారు. పువ్వు ముట్టుకుంటే కర్రెత్తే మనిషి, తల వంచి వేయించుకున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది.

శాలువా కప్పిన ఆఫీసరు పోతూ పోతూ, "లానంతా పాడైపోయినాది. రేపొచ్చి ఆ గుంతలు పూడ్సిపోప్పా," అన్నాడు. సిగ్గుండాలి!

ఇంటికొచ్చాక, "ఉద్యోగమే అయిపోయినాది, ఇంక యాడికి పోతావు నాయనా?" అని అరిచాను.

"గుంజలు పాతింది వాళ్లు. గడ్డేం చేసింది మే?" అన్నాడు.

పార నా మంచం కింద దాచేశాను. అడిగినా ఇవ్వను. దొరక్కపోతే చేతులతోనే పూడుస్తాడు, మొండిమనిషి.