రెండుసార్లు మోగిన ఇరవై ఎనిమిది

మంగళవారం, 24 సెప్టెంబర్ 2024. మధ్యాహ్నం 12.10

ఉదయం 11.20కి విల్ఫ్ డాబ్నీ తన వంటింట్లో నాతో చెప్పాడు, 1986 అక్టోబర్ 4న మా చర్చి టవర్‌లో మోగించిన పీల్ తప్పని.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ సంగతి ఆయన ఒక్కడికే తెలుసట. ఇప్పుడు ఇద్దరం.

క్రమంగా రాసుకుంటాను. నిన్న ఒక నిఘంటువు ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. పంపినామె పేరు ఇమొజెన్. చేంజ్ అనే మాటకున్న అర్థాలన్నీ తిరగరాస్తున్నారు. గంటలు మోగించేవాళ్ల అర్థం కింద ఉదాహరణగా నా వాక్యం వేస్తారట. ఇరవై మూడేళ్ల వయసులో మా వారపత్రికకు రాసింది అది: ఎనిమిది మంది ఐదు వేల నలభై చేంజ్‌లు మోగించారు, ఒక్క చేంజ్ కూడా రెండోసారి వినబడలేదు.

నిర్వచనం కూడా సరిచూడమంది. నేను సరిచేసి పంపింది ఇది: ఏడు గంటలను ప్రతిసారీ వేరే వరసలో మోగిస్తారు, ఒక్కో వరస ఒక చేంజ్. ఏడింటికి సాధ్యమైన వరసలు 5,040. అన్నీ మోగాలి, ఏదీ రెండోసారి రాకూడదు. ఎనిమిదోది, అన్నిటికన్నా బరువైనది, ప్రతి వరస చివర మోగుతుంది. కాగితం చూడరు. మూడు గంటల సమయం పడుతుంది. వరస మళ్లాల్సిన చోట కండక్టర్, అంటే తానూ ఒక గంట మోగిస్తూ అందరినీ నడిపించేవాడు, బాబ్ అని కేకేస్తాడు. అలా పూర్తయితే అది పీల్.

1986లో కండక్టర్ విల్ఫ్. అప్పుడాయనకు నలభై మూడు, ఇప్పుడు ఎనభై ఒకటి. ఈమెయిల్ ప్రింటు తీసి గర్వంగానే పట్టుకెళ్లాను. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లద్దాలు తీసి వెన్న గిన్నె పక్కన పెట్టాడు. వద్దని రాసెయ్ పిల్లా, ఆ వాక్యంలో రెండో సగం అబద్ధం, అన్నాడు.

ఒక బాబ్ ఆలస్యంగా వేశాడట. పొరపాటు తట్టగానే ఇంకోటి వేసి గంటలను దారికి తెచ్చాడు. లెక్క సరిపోయిందనే అనుకున్నాడు. ఆ తర్వాతి మంగళవారం కాగితం మీద వరసలన్నీ రాసుకుంటూ పోతే తేలింది. ఇరవై ఎనిమిది చేంజ్‌లు రెండుసార్లు మోగాయి. ఇరవై ఎనిమిది అసలు మోగలేదు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. నెడ్, అన్నాడు. నెడ్ కర్టిస్ ఐదో గంట మోగించాడు. ఊపిరితిత్తుల జబ్బు. అదే మొదటి పీల్, అదే ఆఖరిదని అందరికీ తెలుసు. నవంబర్ 19న పోయాడు. డిసెంబర్‌లో బంగారు అక్షరాల బోర్డు టవర్ గోడకెక్కింది.

నెడ్ కూతురు హేజెల్ ఇప్పుడు అదే ఐదో తాడు పట్టుకుంటుంది. ప్రతి ఆదివారం ఆ బోర్డు కిందే.


బుధవారం, 25 సెప్టెంబర్

ఇమొజెన్‌కి ఫోన్ చేశాను. వాక్యం తప్పని చెప్పాను. మాట వాడిన తీరు సరైనదేగా, మాకంతే కావాలండీ, అబద్ధాలు చెప్పేవాళ్లు కూడా మాటల్ని సరిగ్గానే వాడతారు, అంది. మాకలా కుదరదు, తీసేయండి అన్నాను. కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. తీసేస్తే ఇటీవలి ఉదాహరణ ఇంకోటి కావాలి, అచ్చులో వచ్చిందే, నవంబర్ 22 మధ్యాహ్నానికి పేజీ మూసేస్తాం, అంది.


గురువారం, 26 సెప్టెంబర్

నా ఉద్యోగంలో ఇప్పటిదాకా పదిహేడు సవరణలు వేశాను. 1986 వాక్యానికి వేయబోయేది పద్దెనిమిదోది. తప్పు జరిగిన తేదీ ప్రకారం ఇదే మొదటిది కావాలి.


మంగళవారం, 1 అక్టోబర్. ప్రాక్టీసు తర్వాత

విల్ఫ్ అందరికీ చెప్పాడు. తాళ్లు కట్టేశాక, కోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని. మూడు వాక్యాల్లో చెప్పాడు. గంటలు మోగించేవాళ్ల పత్రికకు ఆ రోజే ఉత్తరం వేసేశాడట, 1986 పీల్ తప్పు, దయచేసి రికార్డుల్లోంచి కొట్టేయండి అని.

అందరూ హేజెల్ వైపు చూశారు. ఆమె స్కూల్ బస్సు నడుపుతుంది, యాభై మంది పిల్లల గోల మధ్య గొంతు పెంచాల్సిన అవసరం లేని మనిషి. తాపీగా స్కార్ఫ్ చుట్టుకుంది. నాకు తెలుసు బాబాయ్, అంది.

ఆ శనివారం నెడ్ ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ భార్యతో అన్నాడట: విల్ఫ్ ఒక బాబ్ ఆలస్యంగా వేశాడు, ఎవరితోనూ అనకు, పాపం వాడు చాలా సంతోషంగా ఉన్నాడు.

విల్ఫ్ బెంచీ మీద కూలబడ్డాడు. మరి ఇన్నేళ్లూ మీ అమ్మ వీధిలోంచి పోకుండా నేను చుట్టూ తిరిగి రొట్టె తెచ్చుకుంది దేనికి, అన్నాడు. అమ్మ కూడా అదే అడిగేది, విల్ఫ్ టీకి రావడం మానేశాడేమిటి, నేను చేసే కేకు అంత ఘోరంగా ఉంటుందా అని, అంది హేజెల్.

తర్వాత నా వాక్యం సంగతి నేను చెప్పాను. నవంబర్ 22 అని చెప్పాను. విల్ఫ్ ఇంకో తేదీ చెప్పాడు. డిసెంబర్ 9న భుజానికి ఆపరేషన్. ఆ తర్వాత తాడు ముట్టుకోవద్దని సర్జన్ తేల్చేశాడు. ఆయన జీవితంలో కండక్ట్ చేసిన పీల్ 1986దొక్కటే. అది కాస్తా ఇప్పుడు లేదు.

హేజెల్ గోడ మీది క్యాలెండర్ తీసి ముందుకు తిప్పింది. అక్టోబర్ 26, ఎవరికైనా పెళ్లిళ్లున్నాయా, లేవు కదా, అయితే ఆ రోజే పీల్ మళ్లీ మోగిద్దాం, అంది. విల్ఫ్ తన వయసు గుర్తు చేశాడు. నీ వయసెవరికి కావాలి బాబాయ్, బాబ్ ఎక్కడ వెయ్యాలో గుర్తుంటే చాలు, అంది.


గురువారం, 10 అక్టోబర్

సవరణ అచ్చయింది. ఏడో పేజీ, అడుగున, నలభై ఒక్క మాటలు. మా సబ్ ఎడిటర్ కీరన్ లీడ్స్‌లో తన ఇంట్లో కూర్చుని ఆరు పత్రికలు దిద్దుతాడు. మా ఊరు ఎప్పుడూ చూడలేదు. 1986 అని ఉంది, అచ్చు తప్పా అని మెసేజ్ పెట్టాడు. కాదన్నాను. అప్పటికి మా అమ్మానాన్నలకి ఇంకా పరిచయం కూడా కాలేదండీ, అని జవాబిచ్చాడు.


మంగళవారం, 15 అక్టోబర్

ఇమొజెన్ ముసాయిదా పేజీలు పంపింది. ప్రాక్టీసుకు తీసుకెళ్లి విరామంలో చేంజ్ అర్థాలన్నీ చదివి వినిపించాను. మారడం. బట్టలు. చిల్లర. ఒక రైలు దిగి ఇంకో రైలెక్కడం. చంద్రుడిది. యాభై దాటిన ఆడవాళ్ల ఒంట్లో వచ్చేది. దాని కింద ఉదాహరణలు అన్నీ మగవాళ్లు రాసినవే, నన్నడిగితే పేజీ నింపేదాన్ని, అంది హేజెల్. మాది పదకొండో అర్థం. విల్ఫ్ పదకొండు అంటే నొచ్చుకున్నాడు. చిల్లర కన్నా కిందనా, అన్నాడు.


శనివారం, 26 అక్టోబర్. మధ్యాహ్నం 2.30

పీల్ రాలేదు.

9.58కి మొదలుపెట్టాం. విల్ఫ్ ఏడో గంట మీద. నేను మూడో గంట మీద. రెండు గంటల సేపు చక్కగా నడిచింది. గంటలు ఒకదాని వెనక ఒకటి సమానంగా పడుతున్నాయి. అరిచేతులు మండుతున్నా ఎవరి ముఖంలోనూ కంగారు లేదు. 12.04కి విల్ఫ్ స్టాండ్ అన్నాడు. అంటే ఆపేయమని.

ఆపాం. ఎనిమిది గంటలూ నిలబడ్డాయి. కింద వీధిలో కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

ఎవరూ తప్పు చేయలేదు. నేనైతే ఏ తేడా వినలేదు. ఏమైందని అడిగితే, అక్కడ బాబ్ వేశానో, వెయ్యాలనుకుని ఊరుకున్నానో నాకు తెలీదు, అన్నాడు. సరిగ్గా 1986లో తప్పిన చోటు. పెద్ద గంట మోగించేవాడు మెకానిక్, మంచి బలశాలి, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉన్నాడు. తెలీకపోతే నడిపించేస్తే పోయేది కదా ముసలాయనా, ఎవరు లెక్కపెడతారు, అన్నాడు. ఒకసారి అలాగే నడిపించాను, అన్నాడు విల్ఫ్.

హేజెల్ పంది మాంసపు హాస్లెట్ శాండ్‌విచ్‌లు తెచ్చింది. నిలబడే తిన్నాం.


ఆదివారం, 27 అక్టోబర్

జేబులో రికార్డర్ పెట్టుకోవడం నాకు పాత అలవాటు. ఇవాళ విన్నాను. 12.02కి విల్ఫ్ గొంతు స్పష్టంగా ఉంది. బాబ్ వేశాడు. సరైన చోటే వేశాడు.

వెళ్లి వినిపించాను. మూడుసార్లు వేయించుకున్నాడు. అయితే నోటికి గుర్తుంది, బుర్రే నిద్రపోయింది, అని చాలాసేపు నవ్వాడు. బాధగా లేదా అని అడిగాను. తెలీనప్పుడు ఆపడం సరైన పనే, తెలిశాక బాధెందుకు, అన్నాడు.

హేజెల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఈసారి బాబ్ వేసిన ప్రతిసారీ ఆమె తలూపాలి. మాట్లాడకూడదు, తలూపితే చాలు. మీ నాన్న విని ఊరుకున్నాడు, నువ్వు ఊరుకోకు, అన్నాడు.

మళ్లీ ప్రయత్నించే తేదీ: నవంబర్ 16. అది దాటితే 22 లోపు వచ్చే గురువారం పేపర్‌కి వార్త అందదు.


మంగళవారం, 5 నవంబర్

విల్ఫ్ తోటలో లీక్స్ మొక్కల మధ్య నడుస్తూ బాబ్‌లు పైకి అంటున్నాడు. పక్కింటావిడ కంగారుపడి డాక్టర్‌కి ఫోన్ చేసింది.


శనివారం, 16 నవంబర్. మధ్యాహ్నం 1.40

వచ్చింది.

10.03 నుంచి 1.02 వరకు. రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాలు. ఐదు వేల నలభై.

వేళ్లు ఇంకా తాడు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. ఈ అక్షరాలు నావిలా లేవు. రాయాలి, రేపటికి మర్చిపోతాను.

మొదటి గంటసేపు చలి. టవర్ హీటర్ పనిచేయలేదు. రెండో గంటలో అందరం కోట్లు లేకుండా, మెకానిక్ బనీనుతో. 11.20 ప్రాంతంలో నేను ఒక చోట తొందరపడ్డాను. త్రీ, ఆగు, అన్నాడు విల్ఫ్, పాలవాడితో రెండు సీసాలు చాలని చెప్పినంత మామూలుగా. సర్దుకున్నాను. హేజెల్ ప్రతి బాబ్‌కీ తలూపుతూనే ఉంది. తాడు మీది ఉన్ని పిడి పైకి వెళ్లడం, ఆమె తల, విల్ఫ్ కళ్లు. నాకు కనిపించింది అంతే.

12.07కి ఆ బాబ్ వేశాడు. హేజెల్ గట్టిగా తలూపింది. అప్పుడు విల్ఫ్ పెదవులు కదలడం మొదలైంది. మొదట కేకేయబోతున్నాడేమో అనుకున్నాను. కాదు. వరసలు చదువుతున్నాడు. 1986లో మోగని ఆ ఇరవై ఎనిమిదీ ఆయనకు కంఠస్థం. ఒక్కొక్కటీ మోగుతుంటే, గంటలతో పాటు పెదవులతో అంటున్నాడు. నిమిషం పట్టింది. ఇరవై ఎనిమిదోది దాటాక నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. బస్సు అందుకున్న మనిషిలా ఉన్నాడు.

ఆఖరి పది నిమిషాలు ఎవరూ ఎవరినీ చూడలేదు. ఒకటి రెండు మూడు నాలుగు అని గంటలు మళ్లీ మొదటి వరసకు వచ్చేశాయి. విల్ఫ్ దట్స్ ఆల్ అన్నాడు. తర్వాత స్టాండ్ అన్నాడు. ఆపాం.

మెకానిక్ విల్ఫ్‌ను ఎత్తేశాడు. భుజం, భుజం, దించరా వెధవా, అని అరిచాడు విల్ఫ్. హేజెల్ నేల మీద కూర్చుని నవ్వుతోంది. చేతులు చూపించింది. రెండు బొబ్బలు, ఒకటి పగిలింది. నాన్నకి అప్పుడు మూడు, అంది.

కిందికి దిగితే చర్చి గేటు దగ్గర పదిహేను మంది ఉన్నారు. సగం మంది ఇక ఆగిందా అని చూడ్డానికొచ్చినవాళ్లు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొడుతున్నాడో తెలీకపోయినా మిగతావాళ్లూ కొట్టారు.


అదే రోజు. సాయంత్రం 5.15

రికార్డింగ్‌లోంచి బాబ్‌లన్నీ ఎక్కడ పడ్డాయో రాసుకుని కంప్యూటర్‌లో వేశాం. ఏ వరసా రెండోసారి లేదు. విల్ఫ్ స్క్రీన్ చూడనన్నాడు. నాకు తెలుసు, అన్నాడు. ఈసారి నిజంగానే తెలుసు.


బుధవారం, 20 నవంబర్. సాయంత్రం 5.05

4.10కి పేజీ ప్రూఫ్ తెరిచాను. పీల్ వార్తలో నా వాక్యం ఇలా ఉంది: ఎనిమిది మంది 5,040 రకాల రాగాలు వినిపించారు.

కీరన్‌కి ఫోన్ చేశాను. చేంజ్‌లంటే పాఠకులు చిల్లరనుకుంటారండీ, అందుకే, అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కథ నాలుగు నిమిషాల్లో చెప్పాను. నిఘంటువు కథ ఇంకో రెండు. అవతల కీబోర్డు చప్పుడు. చేంజ్ అనే పెట్టేశాను, రెండు చోట్లా పెట్టేశాను, అన్నాడు. తర్వాత, మరి ఆయన ఇరవై ఎనిమిదీ పెదవులతో అన్న సంగతి వార్తలో ఎందుకు రాయలేదు, అని అడిగాడు. నేను ఒక్కదాన్నే చూశాను, రెండో సాక్షి లేరు, అన్నాను. మీరు కూడా ఆ ముసలాయన లాంటివాళ్లేనండీ, అన్నాడు.

4.58కి పేజీ ప్రెస్‌కి వెళ్లింది.


శుక్రవారం, 22 నవంబర్. ఉదయం 10.40

ఇమొజెన్ నుంచి రెండు లైన్లు. పాత ఉదాహరణ తీసేశారు. నిన్నటి పేపర్‌లోది పెట్టారు: ఎనిమిది మంది 5,040 చేంజ్‌లు మోగించారు, ఏ చేంజ్ కూడా రెండోసారి రాలేదని సరిచూశారు.

ప్రింటు తీసుకెళ్లి విల్ఫ్‌కి ఇచ్చాను. చదివాడు. కళ్లద్దాలు తీయలేదు. ఇంకా పదకొండోదేనా, అని మాత్రం అడిగాడు.


మంగళవారం, 26 నవంబర్

బోర్డు గురించి మీటింగ్. పాతది తీసేసి కాల్చేద్దామన్నాడు విల్ఫ్. హేజెల్ ఒప్పుకోలేదు. మంచి ఓక్ చెక్క, వెనక వైపంతా ఖాళీగా ఉంది, అంది.


ఆదివారం, 1 డిసెంబర్

విల్ఫ్ గంట మోగించే చివరి ఆదివారం వచ్చే వారం, 9.15కి.

పెయింటర్ మంగళవారం 10.30కి వస్తాడు. వెనక వైపు రాసే కొత్త అక్షరాలు ఆరాక బోర్డు తిప్పి బిగిస్తాం, పాత పేర్లు గోడ వైపుకి. మేకులు నేను తీసుకెళ్లాలి. అదే రోజు విల్ఫ్‌కి టీ మాత్రం హేజెల్ వాళ్ల అమ్మ ఇంట్లో, నాలుగింటికి. దగ్గరి దారిలోంచే వెళ్తానన్నాడు.