జయలక్ష్మమ్మ గారి బోరు నీళ్లు

మత్తిగిరి, 9-8-2003

అమ్మకు బాలాజి మొక్కి రాసేది. అంగడి మూసేశానని ఎవరో చెప్పారట, నమ్మవద్దు. డ్రై క్లీనింగ్ మిషను ఒక్కటే ఆపేశాను.

ఉగాది ముందు ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెనకింటి జయలక్ష్మమ్మ గారి దగ్గరికి పోతే, చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్లలో మా మిషనులో బట్టలుతికే మందు వాసన వచ్చింది. వాడేసిన మందును ఆరేళ్లుగా అంగడి వెనక గుంతలో పోసింది నేనే. గాలికి ఆరిపోతుందనుకున్నాను, అది ఆమె బోరులోకి దిగింది. చెంబు చేతిలో ఉండగానే నిజం చెప్పేశాను. "చెప్పినావు, అదే చాలప్పా. లేకుంటే మేము తాగుతానే ఉందుము" అంది. పొల్యూషన్ ఆఫీసుకు నాకు తోడుగా కూడా వచ్చింది.

ఇప్పుడు ఇంజనీర్లు గుంత మట్టి తవ్వి తీసుకుపోయి, బోరు నీళ్లను పైకి తోడి, మందు ఎగిరిపోయేలా గాలి కొట్టి, బొగ్గులో వడగడుతున్నారు. రెండేళ్లు పడుతుందట. అందాక వాళ్లింటికి కుళాయి నీళ్లు నేనే మోస్తున్నాను.

నిన్న ఆమె తన పెళ్లి పట్టుచీర తెచ్చి, "నీ చేత్తోనే ఉతుకప్పా" అని ఇచ్చింది. అక్కడి నుంచి వచ్చే అంచెట్టి బస్సులో కుంకుడుకాయలు పంపు. జరీ పాడుకాకుండా ఎంతసేపు నానబెట్టాలో చెల్లెలు చిత్ర చేత రాయించు. నీ మోకాలి నొప్పి ఎట్లుంది? చిత్ర పిల్లలకు నా దీవెనలు.

చీర ఉతికిన నీళ్లు ఈసారి ఆమె కనకాంబరం మొక్కలకే పోస్తాను.