చెట్లకు పూసిన జాజు

రుద్రారం,
12 మార్చి 1964

ప్రియమైన దయకు,

మెదక్‌లో నువ్వూ నీ బడీ నీ ఒకటో తరగతి పిల్లలూ దేవుని దయవల్ల క్షేమమని తలుస్తాను. నేను కూడా బాగానే ఉన్నాను, అంటే ఒక గ్రామసేవకుడు ఎంత బాగా ఉండగలడో అంత.

మన పెళ్లై నాలుగేళ్లు. అందులో మనం ఒక ఇంట్లో ఉన్నది వేసవి సెలవులూ క్రిస్మస్ రోజులూ మాత్రమే. ఇక ఆ బాధ తీరేలా ఉంది. నాకు పై మెట్టయిన విస్తరణాధికారి ఉద్యోగానికి నా పేరు పంపుతానని, అదీ మెదక్ బ్లాకుకే పంపుతానని మా జిల్లా అధికారి మొన్న నోరారా అన్నాడు. ఇల్లు చూసి పెట్టు. వంటగదికి కిటికీ ఉండాలి.

ఇక్కడి రైతుల సంగతి చెబితే నువ్వు నమ్మవు. బత్తాయికి వచ్చే బంక తెగులు మీద గంటసేపు చెప్పాను. ఫ్లానెల్ గుడ్డ మీద చెట్టు బొమ్మ, వేరు బొమ్మ ఒక్కొక్కటే అంటించాను. చెట్టు మొదట్లో నీళ్లు నిలవకూడదు, కుళ్లిన బెరడు గీకెయ్యాలి, మైలుతుత్తమూ సున్నమూ కలిపిన ముద్ద పూయాలి అని మూడుసార్లు చెప్పాను. అందరూ తలలూపారు. ఏమైనా అడగండయ్యా అంటే ఒకడు లేచి సంగారెడ్డి బస్సు పోయిందా అని అడిగాడు. ఇంకొకడికి మీటింగయ్యాక ఆ గుడ్డ ఎవరికిస్తారో కావాలి. ఈ తలకాయల్లోకి శాస్త్రం ఎక్కించడానికి నాకు జీతమిస్తున్నారు.

ఆ అధికారి ఈ ఊరి రైతు యాదన్న తోటకు మొన్న వచ్చాడు. మా ప్రదర్శన తోట అదే. రైతులు చూసి నేర్చుకోవాలని ప్రభుత్వం బోర్డు పాతిన తోట. ముందురోజు నలుగురు కూలీలను పెట్టి ప్రతి చెట్టు మొదలుకూ సున్నం కొట్టించి, మీద గడపలకు పూసే ఎర్రమట్టితో, అదే ఎర్రజాజుతో, పట్టీ వేయించాను. ఆయన జీపు దిగాడు, ఒక్క చెట్టునూ ముట్టుకోలేదు, చాలా బాగుందన్నాడు, ఫొటో దిగాడు, రెండు గ్లాసుల బత్తాయి రసం తాగి వెళ్లాడు. ఆయనకు బత్తాయికీ నారింజకూ తేడా తెలుసని నేననుకోను. అయినా నా పేరు పంపవలసినవాడు ఆయనే కదా.

కాబోయే విస్తరణాధికారి,
నీ సుందర్‌రాజు


రుద్రారం,
3 సెప్టెంబర్ 1964

ప్రియమైన దయకు,

నా కాగితాలు హైదరాబాదు చేరాయట. దసరా లోపల ఉత్తర్వు వస్తుందని గుమాస్తా చెప్పాడు. నువ్వు చూసిన ఇల్లు వదలకు.

నిన్న జరిగింది రాస్తాను, నీ పిల్లలకు కథగా చెప్పుకో. ఈ ఊరి చివర కౌసల్యమ్మ అని ఒంటరి మనిషి ఉంది. భర్త పోయాడు. నలభై బత్తాయి చెట్లే ఆమెకు ఆధారం. ఆకులు పసుపెక్కుతున్నాయని కబురు పంపితే వెళ్లాను. తోటలో అడుగు పెట్టగానే నవ్వు ఆపుకోలేకపోయాను. నలభై చెట్లకూ సున్నం, మీద ఎర్రజాజు పట్టీ! పండక్కి గడప అలంకరించినంత శ్రద్ధగా పూసింది మహాతల్లి. గోటితో గీకితే కింద బెరడు మెత్తగా కుళ్లి కంపు కొడుతోంది. మైలుతుత్తం కలిపావా అంటే అదేంది అంది.

ఈమె ఒక్కతే అయితే పోనీ అనుకుందును. చుట్టుపక్కల ఇంకా అయిదు తోటల్లో ఇదే అలంకారం. నేను గొంతు ఎండేలా చెప్పింది తెగులు గురించి, వీళ్లు నేర్చుకున్నది రంగులు. ఆఫీసులో చెబితే కడుపు పట్టుకుని నవ్వారు. ముగ్గు కూడా పెట్టిందా అని గుమాస్తా అడిగాడు. ఇలాంటి జనానికి బొమ్మలెందుకు, చార్టులెందుకు, నాలాంటి చదువుకున్నవాడెందుకు? చెట్టు మొదట్లో పెంట వేస్తే కాయలైనా కాస్తాయి.

వచ్చే సోమవారం ఆమె తోటలోనే రైతులందరినీ పోగుచేస్తున్నాను. ఈ తెలివి నీకెవరు నేర్పారని ఆమెను నలుగురిలో నిలబెట్టి అడుగుతాను. చెబితే నేర్చుకోనివాళ్లు సిగ్గుపడైనా నేర్చుకుంటారు.

నీ సుందర్‌రాజు


రుద్రారం,
11 అక్టోబర్ 1964

నా దయకు,

నెల దాటినా ఉత్తరం రాయలేదని నువ్వు కోప్పడి ఉంటావు. రాయడానికి మొహం లేకపోయింది.

నీ కార్డు ఆ సోమవారం పొద్దున్నే అందింది. ‘తరగతిలో అందరూ ఒకే తప్పు రాస్తే నేను పిల్లలను కొట్టను, వెనక్కి తిరిగి నల్లబల్ల చూసుకుంటాను. ఆమెను అడిగేముందు నువ్వు చూసుకున్నావా?’ అని రాశావు. నాకు ఒళ్లు మండింది. ఒకటో తరగతి పంతులమ్మ నాకు పాఠం చెప్పేదేమిటని కార్డు జేబులో కుక్కుకుని మీటింగుకు పోయాను.

అనుకున్నట్టే అడిగాను. జనం నవ్వారు. ఆమె మాత్రం తల దించలేదు.

“నువ్వే నేర్పితివి గద సారూ. యాదన్న తోటల కూలికి వచ్చిన నలుగుట్ల నేనొకదాన్ని. ఇది దేనికి సారూ అని నిన్ను అడిగిన. చెట్టుకు మంచిది, జల్దీ కానియ్యి అంటివి.”

ఆమె ఇంకా చెప్పింది. నా బొమ్మలు ఆమెకు అర్థం కాలేదట. చెప్పేవాళ్లు ఎంతోమంది వచ్చి పోతుంటారు, సర్కారు తోటలో తన చేత్తో చేసిన పని అయితే తప్పు కాదనుకుందట. చివరికి, “ఇగ ఈ చెట్లు పోతే రామచంద్రాపురంల కడుతున్న కార్ఖాన కాడ మట్టి మొయ్యాలె నేను,” అంది.

దయా, నీకు రాయని సంగతి ఇది. మార్చిలోనే యాదన్న తోటలో ఆరు చెట్లకు బంక కారుతోంది. మైలుతుత్తం పంపమని ఆఫీసుకు ఒకసారి రాశాను, రాలేదు. మళ్లీ రాయలేదు. ప్రదర్శన తోటకే తెగులు పట్టిందని తెలిస్తే నా పేరు ఎవరు పంపుతారు? అందుకే సున్నం కొట్టించాను. బంక ఎర్రగా కారి తెల్లసున్నం మీద కనబడుతుందని సరిగ్గా ఆ ఎత్తునే జాజు పట్టీ వేయించాను. అది శాస్త్రం కాదు, నా సొంత తెలివి. పక్క తోటల దాకా పాకిన విస్తరణ నా ఉద్యోగంలో అదొక్కటే. తలకాయలు లేవని నేను వెక్కిరించినవాళ్లు నేను చేసింది చేసినట్టు పట్టుకున్నారు. అబద్ధం నాది, కుళ్లింది ఆమె చెట్లు. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

అందరినీ యాదన్న తోటకు నడిపించుకుపోయాను. కొడవలితో ఆ ఆరు చెట్ల జాజు గీకి లోపలి కుళ్లు చూపించాను, దాచింది నేనేనని చెప్పాను. యాదన్న పోయి ప్రభుత్వం బోర్డు పీకి బావి గోడకు ఆనించి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు జిల్లా అధికారికి ఉన్నదున్నట్టు రాశాను. పదిరోజుల్లో జవాబు వచ్చింది. కుళ్లిన చెట్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు, జాబితాలోంచి నా పేరు తీసేసినట్టు మాత్రం ఉంది. ఆ ఇల్లు వదిలెయ్యి దయా. మనం కలిసేది మళ్లీ క్రిస్మస్‌కే. ఇందులో నీ తప్పు లేదు, శిక్ష మాత్రం నీకూ పడింది. నన్ను మన్నించు.

కౌసల్యమ్మ చెట్లలో పదకొండు పీకెయ్యవలసి వచ్చింది. మిగిలిన ఇరవై తొమ్మిదీ గీకాము. మైలుతుత్తం నేనే సంగారెడ్డి వెళ్లి తెచ్చాను. ఒక కుండలో అదీ ఇంకో కుండలో సున్నమూ విడివిడిగా నానబెట్టి కలపడం మొదలుపెట్టాను. ఇనుము ముంచితే దాని మీద ఎరుపు పడకూడదని, పడితే సున్నం చాలక మందు చెట్టును కాలుస్తుందని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“చెప్పకు సారూ. చేసి సూపియ్యి.”

నోరు మూసుకుని చేసి చూపించాను: కొడవలి ముంచాను, ఎరుపు పడితే ఇంకాస్త సున్నం వేశాను. రెండో విడత మందు ఆమె కలిపింది. మూడోది నేను కలుపుతుంటే, నన్ను అడగకుండానే కొడవలి ముంచి తీసి, రైతులందరికీ కనబడేలా పైకి పట్టుకుంది. అంచు మీద ఎర్రగా మరక.

“సున్నం సాల్లేదు,” అంది.

నిజంగానే చాలలేదు. ఇంకొంచెం వేశాను. ఆమె మళ్లీ ముంచి చూసి, సరేనన్నాక పూయడం మొదలుపెట్టాము.

గ్రామసేవకుడు,
నీ సుందర్‌రాజు