పసుపు దారం

సార్,

కొత్తగూడెం టెన్నిస్ కోర్టులో మీరు పెట్టిన దారాల పద్ధతిని నేను మార్చలేదు. మెత్తటి ఎర్రబంతితో మొదలుపెట్టే పిల్లల రాకెట్‌కు ఎర్రదారం, ఆపైన నారింజ, ఆకుపచ్చ, చివరికి పసుపు. పసుపు దారం కావాలంటే చిన్నవాళ్లకు ఒక షాట్ నేర్పాలి, అదీ అరవకుండా. నేను ఆగిపోయింది అక్కడే. ఎంత బాగా ఆడినా మీరు ఇవ్వలేదు. మీరు పోయేనాటికి నాది ఆకుపచ్చదే. ఆ కోపం ఇంకా కొంచెం ఉంది.

ఈ రోజు నా చేతులతో తొలి పసుపు దారం ఇచ్చాను. ములకలపల్లి నుంచి బస్సులో వచ్చే జానకికి. తన చెల్లెలికి ఓపికగా ఫోర్‌హ్యాండ్ నేర్పింది. దారం పట్టుకుని నా రాకెట్ వంక చూసింది.

"మేడం, మీది ఇంకా ఆకుపచ్చనే ఏంది?"

"ఇచ్చే సార్ లేరు కదా."

"నాకు సర్వీసు మీరే నేర్పిండ్రు. రెండేండ్లు పట్టింది, ఒక్కసారి గూడ అరవలే."

తన దారాన్ని పళ్లతో రెండుగా తెంపి, ఒక ముక్క నా రాకెట్‌కు కట్టింది.

ముడి వదులుగా వేసింది సార్. ఎలా బిగించాలో అరవకుండా చూపించాను.