నా మేనకోడలిని మళ్ళీ చెడ్డపిల్లల్లో చేర్చమని

యువజన సంక్షేమాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బాగుపడినదన్న కారణముచే రద్దయిన ఈత పాసును పునరుద్ధరించుట, లేనిపక్షమున సదరు బాలికను తిరిగి చెడ్డపిల్లగా నమోదు చేయుట గురించి.

నేను తమ భవనములోనే లిఫ్టు నడుపువాడను. తమరిని రోజూ నాలుగో అంతస్తుకు చేర్చేది నేనే.

1. మా అక్క పోయిన పిదప ఆమె కూతురిని నేనే పెంచుచున్నాను. వయసు పదిహేను. నోరు తెరిస్తే గొడవ, చెయ్యెత్తితే దెబ్బ. బడివారు పంపివేసిరి. వీధి చివర దొంగసామాను అమ్మే మూకతో జతకట్టినది. ఆ దశలో తమ శాఖవారు దయతలచి, దారి తప్పుచున్న పిల్లల పథకము కింద ఈతకొలనుకు పాసు మంజూరు చేసిరి.

2. అక్కడ ఈత నేర్పే టీచరమ్మ తిట్టినన్ని తిట్లు దాన్ని నేను కూడా తిట్టలేదు. అయినా రోజూ దానికోసం గేటు దగ్గర నిలబడేది. "రాకపోతే ఊరుకుంటాననుకున్నావా? ఇంటికొచ్చి చెవి మెలేసి లాక్కొస్తా" అనేది. అయ్యా, మా అక్క తర్వాత దానికోసం అలా ఎదురుచూసిన మనిషి ఈవిడే. జనాన్ని కొట్టిన ఆ చేతులతోనే అది చిన్నపిల్లల్ని పొట్ట కింద పట్టుకుని తేలడం నేర్పింది. బ్రతిమాలితే బడివారు కూడా మళ్ళీ చేర్చుకున్నారు.

3. ఇట్లుండగా, ఫిర్యాదులు లేనందున సదరు బాలిక బాగుపడినట్లు నిర్ధారించి పాసు రద్దుపరచిరి. గుమాస్తా గారిని అడుగగా, "ఏదైనా నేరం చేస్తే మళ్ళీ అర్హత వస్తుందయ్యా, రూలు అంతే" అని సెలవిచ్చిరి. ఆ మాట అది పక్కనే నిలబడి విన్నది.

4. అప్పటినుంచి అన్నం సరిగా తినదు. ఆ మూక మళ్ళీ మా గుమ్మం ముందు ఈలలు వేస్తోంది. నిన్న నన్ను, "మామయ్యా, వాళ్ళ ఆఫీసు అద్దం ఒక్కటి పగలగొడితే చాలు కదా?" అని అడిగింది. నవ్వుతూ అడగలేదయ్యా. నడక వస్తోందని చేతికర్ర లాక్కుంటారా, బాబూ!

కావున పాసు ఇప్పించ ప్రార్థన. కుదరదంటే, అది నేరం చేయకముందే చేసినట్లు రాసుకోండి. ఏ నేరమైనా సరే, సంతకం నేను పెడతాను.

దయతో చిత్తగించవలెను. త్వరగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
లిఫ్టు మనిషి

జతపరచినది: రాయి ఒకటి.

తా.క.: ఈ రాయి ఇవాళ పొద్దున దాని బడిసంచిలో, పుస్తకాల మధ్య దొరికింది. తీసేసుకున్నాను. పోట్లాడుతుందనుకున్నాను, పోట్లాడలేదు. తమరి గది కిటికీ ఏదని మాత్రం అడిగింది. నేను చెప్పలేదు. కానీ వీధిలో రాళ్ళన్నీ నేనొక్కణ్ణే ఏరలేనయ్యా.