మౌనదీక్ష మాట వదిలేయ్ వదినా

గుంటూరు

వదినకు,

నీ మరిది శేషగిరి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ తోడికోడలు పద్మా కులాసా. అక్కడ నువ్వూ, అమ్మా, లావణ్యా బాగున్నారని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మిరపకాయ కోతకు కూలీలు దొరికారా? ఫోన్ చేస్తే నా కొత్త గొంతు విని ఏడుపందుకుంటావు. మెసేజ్ పెడితే ఇంటిల్లిపాదీ చదువుతారు. అందుకని కాగితం పట్టుకున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు.

ఆపరేషన్‌లో గొంతులోని స్వరపేటిక తీసేశాక, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ ఇల్లు తీసుకున్నాం కదా. మోటార్లు, పైపులు అమ్మే కొట్లో పని కుదిరింది. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మిరప బస్తాల లారీలు పోతుంటే పద్మకు ఒకటే తుమ్ములు. నా ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. ఊపిరి పీల్చడానికి మెడ దగ్గర పెట్టిన రంధ్రానికి మాత్రం ఘాటు బాగా తెలుస్తోంది, దగ్గలేక చస్తున్నాను. గుడ్డ అడ్డం కట్టుకుంటున్నాలే, కంగారు పడకు. తిండి బాగానే తింటున్నాను. తోచకపోవడమే కష్టం. టీ కొట్టు దగ్గర నేను పలక మీద ఒక ముక్క రాసేలోపు వాళ్ళ కబుర్లు ఎక్కడికో వెళ్ళిపోతాయి. మాట లేనివాడి పక్కన ఎంతసేపని కూర్చుంటారు?

పలక తర్వాత, రాసింది చదివి వినిపించే యాప్ ఒకటి ఫోన్లో వేశారు. కొట్లో రైతులతో బేరాలకు అది బాగానే పనికొస్తోంది. ఇంట్లోనే తంటా. పద్మ మీద కోప్పడి రాసినా, ఆడగొంతుతో వార్తలు చదివినట్టు చదువుతుంది. గొంతులో చిన్న వాల్వు పెట్టి మాట్లాడించే పద్ధతి కూడా ఉందట, నాకు కుదురుతుందో లేదో తర్వాత చూస్తామన్నారు. ఈలోగా మాట్లాడటం నేర్పే డాక్టరమ్మ ఒక యంత్రం ఇచ్చింది. టార్చిలైటంత ఉంటుంది. దవడ కింద ఆనించి మీట నొక్కితే గుయ్యిమంటుంది. నేను పెదవులూ నాలుకా ఆడిస్తే ఆ మోతే మాటవుతుంది. "తొందరపడొద్దు అంకుల్, నోరు బాగా తెరిచి చిన్న చిన్న మాటలు అనండి," అంటుంది ఆ పిల్ల. మొదట్లో దోమ పాడినట్టుండేది. ఒకరోజు పొద్దున "ఏమేవ్, టీ ఏది?" అన్నాను. అర్థమైంది వదినా! "నోరొచ్చిందో లేదో, అప్పుడే అజమాయిషీ మొదలెట్టారా!" అని పద్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

ఇక అసలు సంగతి. మన లావణ్యను చేసుకోబోయే చీరాల వాళ్ళతో, నేను మౌనదీక్షలో ఉన్నానని చెప్పావట. పద్మ చెప్పగానే నవ్వొచ్చింది. గట్టు మీద నిలబడి అరిస్తే పక్క ఊరి కుక్కలు లేచేవి, నాకు మౌనదీక్షా? ఆ తర్వాత గుబులు పట్టుకుంది. క్యాన్సరంటే సంబంధం తప్పిపోతుందని నీ భయం, నాకు తెలుసు. కానీ పిల్లవాడి నాయనమ్మ, దీక్షాపరుడి కాళ్ళకు మొక్కుతానని ఎదురుచూస్తోందట! అన్నయ్య లేడు కాబట్టి తాంబూలాలప్పుడు "మా పిల్లను మీ ఇంటికి ఇస్తున్నాం" అనాల్సింది నేనే. అప్పుడూ దీక్షేనా? పెళ్ళికీ దీక్షేనా? సీమంతానికీ అదేనా? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసేనాటికి మన పిల్ల వాళ్ళింట్లో ఉంటుంది. మాట పడేది అదే.

తిట్టుకుంటే తిట్టుకో వదినా, నిన్న పెళ్ళికొడుకు తండ్రికి నేనే ఫోన్ చేశాను. మెసేజ్ పెట్టొచ్చు, యాప్ చేత చెప్పించొచ్చు. కానీ రేపు పిల్లనిచ్చే మాట చెప్పవలసింది ఈ గొంతే. అది వాళ్ళు ముందే వినాలనిపించింది. మొదటిసారి, "ఎవరండీ? ఏందో గుయ్యిమంటంది, సిగ్నల్ లేదు," అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేశాడు. పద్మ వద్దంటున్నా ఇంకోసారి చేశాను. "లావణ్య బాబాయిని. దీక్ష కాదండి. క్యాన్సర్. గొంతు తీశారు. ఇప్పుడు బాగున్నా," అని ఒక్కో ముక్కా విడదీసి చెప్పాను.

అవతల టీవీ మోత ఒక్కటే వినిపిస్తోంది. చేజేతులా పిల్ల సంబంధం చెడగొట్టానా అని పద్మ వైపు చూశాను, తనేమో మొహం తిప్పుకుంది. అప్పుడు వినిపించింది:

"నిదానంగా చెప్పండి బావగారూ. టీవీ కట్టేయమన్నా. ఇంటన్నా."

బావగారూ అన్నాడు వదినా, తాంబూలాలు పుచ్చుకోకముందే. ఆపరేషన్ సంగతి అంతా అడిగి తెలుసుకున్నాడు. "మా అమ్మకి నేను చెప్పుకుంటాలెండి," అన్నాడు. ఆ పెద్దావిడ ఏమంటుందోనని నాకింకా దడగానే ఉంది. అయినా మనం దాచింది ఇక ఏమీ లేదు.

లావణ్యకు ఈ సంగతి నువ్వే చెప్పు. నా గొంతు విని అమ్మ జడుసుకోగలదు, ముందే చెప్పి ఉంచు. తాంబూలాలప్పుడు మేళం వాళ్ళను కాసేపు ఆగమను. ఆ హోరులో నా మాట ఎవరికీ వినపడదు.

అమ్మ పాదాలకు నా దండాలు, లావణ్యకు మా ఇద్దరి దీవెనలు. నువ్వు తల్లిలాంటిదానివి, నన్ను చల్లగా చూడు. కోపముంటే నేను వచ్చాక ఎదురుగా నిలబెట్టి తిట్టు, బదులు చెబుతాను.

ఇట్లు,
నీ మరిది
శేషగిరి