ముందు రింగు సంగతి

మంగళవారం, మధ్యాహ్నం

మా ఒంటికన్ను వీరుడికి,

అక్క దీవెనలు. ఉత్తరమన్నాక ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని అమ్మ పక్కన కూర్చుని చెబుతోంది. సరే, ఇక్కడి కుశలం ఇదిగో. అమ్మ మోకాళ్ళు మబ్బు పడితే చాలు మాట్లాడుతున్నాయి. మీ బావ క్లబ్బు వ్యాన్ కడిగే నెపంతో పెరడంతా బురద చేస్తున్నాడు. పెద్దమామయ్య రేడియోలో వార్తలు చదివేవాడితో పొద్దుటినుంచీ వాదిస్తున్నాడు, వాడేదో వింటున్నట్టు. అక్కడి కుశలమే నాకు అంతుబట్టడం లేదు. శిబిరంలో ఫోన్లు తీసేసుకుంటారని విన్నప్పుడు మంచిదే అనుకున్నాను, మనసు పెట్టి కాలుస్తావని. ఇప్పుడు ఆ నియమం పెట్టినవాళ్ళని రోజూ తిట్టుకుంటున్నాను.

ఈసారి అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. నవ్వకు. కలం పాళీ మందం, అంతే.

నీ రైఫిలూ, నువ్వు కాల్చిన టార్గెట్ కాగితాలూ, నీ ఉత్తరమూ బావ భద్రంగా తెచ్చి నా పనిబల్ల మీద పెట్టాడు. ముందు ఉత్తరమే చదివాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం అని మీ కోచ్ అందరి ముందూ అన్నాడా? నువ్వు ఆ మాట దిగమింగుకుని ఊరుకున్నావా? నేనైతే ఆ మద్దెల ఆయన మెడకే కట్టేదాన్ని. చిన్నప్పుడు నీ చేతికి చీపురుపుల్ల ఇచ్చినా ఒక కన్ను మూసి గోడ మీది బల్లికి గురి చూసేవాడివి. నీకు ఆట రాదని ఎవరన్నా నేను నమ్మను.

ఆ తరవాతి వాక్యమే నన్ను కంగారు పెట్టింది. ఆదివారం ఎంపిక పోటీలో జట్టులోకి రాకపోతే రైఫిలు క్లబ్బుకి అప్పగించేసి ఇంక జన్మలో ముట్టుకోనని రాశావు. అంత మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? పెద్దమామయ్య కూడా దాదాపు నీ వయసులోనే మానేశాడు. రైఫిలు చెడిపోయిందన్నాడు. బారెల్ మార్చాడు, చెక్క మార్చాడు, చివరికి విసుగొచ్చి దాన్ని గోడకి తగిలించేసి మరమ్మతు బల్ల దగ్గర చతికిలబడ్డాడు. నేను పని నేర్చుకున్నదీ, ఇప్పుడు పని చేస్తున్నదీ ఆ బల్ల మీదే. మన ఇంట్లో అలాంటి కథ ఒకటి చాలు.

అందుకని ఒక్కొక్కటే చూస్తున్నాను. నువ్వు నన్ను అడిగింది మాత్రం ఒక్కటే, బారెల్ చివర ఉండే ముందు రింగు మార్చమని. అది వంకరపోయిందనీ, దాంట్లోంచి చూస్తే నల్లచుక్క గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగి, పక్కన పల్చటి నీడతో కనబడుతోందనీ రాశావు. అది విని బావ, మీ తమ్ముడు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాడే అని నవ్వాడు. నేనూ నవ్వాను. రింగు సంగతి చివర రాస్తాను. ముందు మిగతావి విను.

మొదట బారెల్ శుభ్రం చేశాను. తూటా కూర్చునే చోటికి కాస్త ముందు మసి రింగులా గట్టిపడిపోయి ఉంది. మామూలు బ్రష్షుకి లొంగలేదు. మందు పోసి నానబెట్టి, తోసిన గుడ్డముక్క తెల్లగా బయటికొచ్చేదాకా వదల్లేదు. కడిగిన బారెల్ వెంటనే మాట వినదని నీకు తెలుసు. తూటాలకున్న మైనం మళ్ళీ లోపల పూతలా పట్టేదాకా కొన్ని ఊరికే కాల్చాలి. కాల్చాను. తరవాత బారెల్ మూతి దగ్గర అంచు చూశాను. తూటాని ఆఖరున తాకి వదిలేది ఆ అంచే, అక్కడ చిన్న గాటు పడినా దారి తప్పుతుంది. దూది చుట్టిన పుల్ల పెట్టి తిప్పి లాగాను. ఒక్క పోగు కూడా చిక్కుకోలేదు.

చెక్కకీ ఇనపభాగానికీ మధ్య ఉండే మరల్లో వెనకది కాస్త వదులైంది. నీ పనేనా? లేక ఎవడి చేతికైనా ఇచ్చావా? రెండు మరలూ సమానంగా బిగించాను. మళ్ళీ వదులు చేసి మళ్ళీ బిగించాను. అన్నం ముందు కూర్చున్నాక బిగించానో లేదో అని అనుమానమొచ్చి ఎంగిలిచేత్తోనే లేచి వెళ్ళి చూసొచ్చాను. అమ్మ తిట్టింది. రైఫిలుకి దిష్టి తగిలిందో లేదో గానీ నీకు మాత్రం పిచ్చి పట్టిందంది.

అవునూ, కళ్ళు నులుముకునే అలవాటు నీకు ఇంకా ఉందా? మానెయ్. మిగతాది రేపు రాస్తాను.

బుధవారం, సాయంత్రం

ఒరేయ్, దొంగ దొరికాడు!

మన చిన్నబోరు తూటాకి నిప్పు రాజుకునే మందు అడుగు అంచులోనే కదా ఉండేది. పిన్ను ఆ అంచుని ప్రతిసారీ ఒకే బలంతో కొట్టాలి. నువ్వు కాల్చిన ఖాళీ తొడుగులు సంచిలో అలాగే ఉన్నాయి. నీ బద్ధకం మొదటిసారి ఒకరికి మేలు చేసింది. వాటిని భూతద్దం కింద పెడితే, కొన్నింటి మీద దెబ్బ లోతుగా ఉంది, కొన్నింటి మీద పైపైన పడింది. పిన్నుని తోసే స్ప్రింగు నీరసపడిపోయింది. కొత్తది వేశాను.

పాతదీ వెంట ఉంచుకుని రైఫిలుని క్లబ్బు మైదానానికి తీసుకెళ్ళి, రెండూ మార్చి మార్చి వేసి, మనిషి చేతికీ కంటికీ ప్రమేయం లేకుండా ఇనప స్టాండుకి బిగించి కాల్చాను. పాత స్ప్రింగుతో తూటాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా పడ్డాయి. కొత్తదానితో అన్నీ కలిసి ఒకే చిల్లు. ఎలుక కొరికినట్టు అంచులున్న ఒకే ఒక్క చిల్లు, నా చిటికెనవేలి గోరంత! సంతోషం పట్టలేక టెలిస్కోపులోంచి చూస్తున్న మీ బావని వెనకనుంచి వాటేసుకున్నాను. ఆయన అదిరిపడి టెలిస్కోపుకి నుదురు గుద్దుకున్నాడు. ఇప్పుడు నుదుటి మీద బొప్పి ఉంది. వచ్చినప్పుడు అడుగు, ఎలా తగిలిందో ఏం కథ చెబుతాడో చూద్దాం.

తూటాలు కూడా వేరు చేశాను. ఒకే కంపెనీవే అయినా ఒక దఫా తయారీకీ ఇంకో దఫాకీ పొత్తు కుదరదు. స్టాండు మీద అన్నీ కాల్చి చూసి, నీ రైఫిలుకి నచ్చిన పెట్టెల మీద ఎర్ర రంగు పూశాను. సన్నక్షరాల్లో ఉన్న నంబర్లు నువ్వు వెతుక్కోనక్కర్లేదు.

ఇంత పని పండాక హాయిగా టీ తాగి పడుకోవాల్సింది. బుద్ధి ఊరుకోలేదు. ఇంటికొచ్చి నువ్వు కాల్చిన కాగితాలు మళ్ళీ పరిచాను. నా కాగితాలు పక్కన పెట్టుకుని చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు, అమ్మ వచ్చి ఏమైందే అని అడిగితే ఏమీ లేదన్నాను.

తరవాత పెద్దమామయ్యని పిలిచాను. గోడకి ఎదురుగా నల్లచుక్క ఉన్న కాగితం అంటించి, ఖాళీ రైఫిలు ఆయన చేతికిచ్చాను. ఆయనకి ఒక కన్ను ఎటూ లేదు, రెండోదానికి సోడాబుడ్డి అద్దాలు. అయినా చెక్క చెంపకి ఆనగానే వంగిన నడుం నిటారైంది. చాలాసేపు చూశాడు. చూసి ఒక మాటన్నాడు. అది విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు. బావ మీద ఊరికే కసురుకున్నాను. పాపం, బొప్పి మీద మందు రాయమన్నాడంతే.

నిన్ను కొన్ని అడుగుతాను, ఊరికే. వీధి దీపాలకి తోకలు మొలిచినట్టు కనబడుతున్నాయా? తలుపు కమ్మీ నిటారుగానే ఉందా, మధ్యలో వంగినట్టుందా? చదివేటప్పుడు తల ఓ పక్కకి వాలుస్తున్నావా? వీటికి జవాబు నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. నీకు నువ్వు చెప్పుకో, అబద్ధమాడకుండా.

గురువారం, మధ్యాహ్నం

పొద్దున్నే బజారు పని మీద వెళ్ళొచ్చాను. వచ్చి రైఫిలు తుడిచి పెట్టెలో పెట్టాను. క్లబ్బు కాగితాలన్నీ సరిచూసి బావకిచ్చాను. రేపు తెల్లవారగానే వ్యాన్‌లో బయలుదేరుతాడు, పదిగంటలకల్లా నీ ముందుంటాడు. ఎర్ర రంగు పెట్టెలు వేరే సంచిలో ఉన్నాయి. వెనక మర మీద నీ చెయ్యి పడిందో, జాగ్రత్త. రైఫిలు మీద నాకు పూర్తిగా గురి కుదిరింది. ఇంతకన్నా మంచిగా దాన్ని చెయ్యడం నా చేత కాదు, ఇంకెవరి చేతా కాదు.

అమ్మ వేళకి తినమంది. పెద్దమామయ్య ఇవాళ రేడియో పెట్టలేదు.

ఇట్లు,
నీ మీద ఏనాడూ గురి తప్పని
అక్క

తా.క. ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాశాను, ఇంక చేతకాదు.

రింగు మార్చలేదురా. కొలత పరికరం పెట్టి నాలుగు వైపులా కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు. దాంట్లోంచి బావ చూస్తే చుక్క గుండ్రంగా ఉంది. అమ్మకీ గుండ్రంగానే ఉంది, నాకూ అంతే. పెద్దమామయ్య ఒక్కడే, రింగుకేమే, బాగానే ఉంది, చుక్క ఎప్పటిలాగే కోడిగుడ్డులా ఉంది, పక్కన నీడతో అన్నాడు. నీ ఉత్తరంలో మాటలే. నీ ఉత్తరం నేను ఆయనకి చదివి వినిపించలేదు. ఎప్పటిలాగే అంటే ఏంటి మామయ్యా అని అడిగాను. కాల్చే రోజులనుంచీ అంతే కదే, అందరికీ అలాగే కనబడుతుందనుకున్నాను అన్నాడు. అని, గోడ మీద తన పాత రైఫిలు ఎక్కడుందో చేత్తో తడిమి వెతుక్కున్నాడు. దాని తప్పేం లేదన్నమాట అన్నాడు.

నేను పట్టుకున్న స్ప్రింగు దోషం తూటాల్ని పైకీ కిందికీ వేసేది. నీ కాగితాల మీద అవి పక్కలకి కూడా చెదిరాయి. అది రైఫిలు చేసిన పని కాదు, నీ చేతులు చేసిన పనీ కాదు. ఉన్న చోట కాక, కనబడిన చోట కాల్చావు నువ్వు.

పొద్దున బజారుకి కాదు, మామయ్యని తీసుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ సంగతి చెప్పాను. చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేనంది. కానీ మామయ్య కంటి ముందుపొర ఉబ్బి పల్చబడిందట, కొన్ని కుటుంబాల్లో ఇది వస్తుందట. తొలిదశలో పట్టుకుంటే ముదరకుండా ఆపే మార్గం ఉందంది, చూపుకి వేరే రకం అద్దాలున్నాయంది. మామయ్య ఆలస్యంగా వచ్చాడంది. ఆ మాట ఆయన విన్నాడు. కళ్ళు నులుముకోవద్దని రెండుసార్లు చెప్పింది.

బావ రేపు నీకు ఈ ఉత్తరం ఇచ్చి పక్కనే నిలబడతాడు. రైఫిలు పెట్టె తాళంచెవి ఆయన లోపలి జేబులో ఉంటుంది. ముందు మీ శిబిరం దగ్గరున్న కళ్ళ ఆసుపత్రికి వెళ్ళండి. మా డాక్టరు వాళ్ళకి ఫోన్ చేసింది. ఆ తరవాత తాళంచెవి నీది. ఆదివారం కాలుస్తావో లేదో నువ్వే తేల్చుకో, నేను అడ్డు చెప్పను. బావని బతిమాలి తాళంచెవి ముందే తీసుకుందామనుకోకు, ఆయన మెత్తటివాడే గానీ ఇంటికి తిరిగి రావాల్సింది నా దగ్గరికే.

మీ కోచ్‌కి చెప్పు, మద్దెల ఓడు కాదు, మా తమ్ముడికి ఆట రాకా కాదు అని.

భయంగా ఉందిరా. నీకు చెప్పకుండా ఉంటే ఇంకా భయంగా ఉంటుంది.

ఉత్తరం మొదట్లో అలవాటుగా నిన్ను, ఒక కన్ను మూసి గురి చూస్తావని పెట్టిన పేరుతో పిలిచాను. అప్పటికి నాకేదీ తేలలేదు. కొట్టేద్దామని కలం ఎత్తాను గానీ, నేను కొట్టేస్తే నువ్వు వెలుతురుకి పట్టి మరీ చదువుతావు. ఆ మాట నువ్వే కొట్టెయ్.